బుధవారం బల్ల

సెప్టెంబరు 2, బుధవారం

మాట దాచుకుంటే నాకు కడుపుబ్బిపోతుంది. ఇంట్లో ఆయనకి చెప్తే "దానికేముంది, రేపే చెప్పేసెయ్" అంటాడు. ఆయనకి అన్నీ రేపే అయిపోతాయి. అందుకే ఈ డైరీ తీశాను. పోయినేడు యూనివర్సిటీ వాళ్ళే పంచిపెట్టారు, ప్రతి పేజీ పైనా "సేవించుటకు పిలువబడితిమి" అని అచ్చు. ఎవరు పిలిచారో ఏమో.

పొద్దున ప్రెసిడెంటుగారు తన గదికి రమ్మన్నారు. వెళ్ళేసరికి పాస్టరుగారు అక్కడే ఉన్నారు, ముందున్న టీ ముట్టుకోకుండా. ఆయన టీ ముట్టుకోలేదంటేనే నా గుండె గుభేలుమనాల్సింది. నేను మొద్దులా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

చాపెల్ పక్కన హాలు ఈ టర్ము అయ్యాక మనది కాదట. కంప్యూటర్ పరీక్షలు పెట్టే కంపెనీ ఒకటి అద్దెకి తీసుకుంటోందట. పాలకమండలి సంతకాలు కూడా అయిపోయాయి. హాలు లేకపోతే బుధవారం బల్ల లేదు.

"మనది చిన్న లూథరన్ విశ్వవిద్యాలయం మేడం," అన్నారు ప్రెసిడెంటుగారు, నాకేదో కొత్త సంగతి చెప్తున్నట్టు. "ఏటేటా పిల్లలు తగ్గిపోతున్నారు. ముందు తరగతులు నిలబడాలి కదా."

"మరి పేటవాళ్ళకి ఎవరు చెప్తారండీ?"

"మీరే. సమాజసేవ విభాగం మీదే కదా. పైగా మీ మాటంటే వాళ్ళకి గురి."

"నేను ప్రార్థనలో పెడతాను," అన్నారు పాస్టరుగారు. ఆయన ఏ పని చెయ్యదలచుకోకపోయినా దాన్ని ప్రార్థనలో పెడతారు. మంచి మనిషే పాపం.

సాయంత్రం చెప్పేద్దామనే వెళ్ళాను. అద్దం ముందు నిలబడి అప్పజెప్పుకున్నాను కూడా. "ఇన్నేళ్ళుగా ప్రతి బుధవారం మన విద్యార్థులూ, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చుని సూపూ రొట్టే తిన్నాం. ఈ టర్ముతో అది ముగుస్తుంది." ఇంతే, ఇంతకంటే ఏం లేదు.

కానీ ఈ బల్లకి ఒక రూలు ఉంది. అందరికంటే ఆలస్యంగా వచ్చినవాళ్ళే భోజనానికి ముందు ప్రార్థన చెయ్యాలి. అందుకని జనం పరుగెత్తుకుంటూ వస్తారు. దర్జీ తాత ఒక్కడే ఎదురుగా ఉన్న తన షాపులో కూర్చుని, అద్దంలోంచి చూసి చూసి, అందరూ లోపలికొచ్చాక తీరిగ్గా తలుపేసుకుని వస్తాడు. కావాలనే. భార్య ఉన్నప్పుడు ఇద్దరూ కలిసి ఆలస్యంగా వచ్చేవాళ్ళు. ఆవిడ పోయాక వారం మొత్తంలో ఆయన నోరు విప్పేది ఇక్కడే. షాపులో నోటినిండా గుండుసూదులు పెట్టుకుని ఉంటాడు, ఇంక మాట్లాడేదెక్కడ.

పిల్లలు ఆయనకి "ఆమెన్ తాత" అని పేరు పెట్టారు, ఆమెన్ అనడు గనక. "ప్రభువా, మా వీధి చివర దీపం మళ్ళీ ఆరిపోయింది, మునిసిపాలిటీవాళ్ళకి మేం చెప్పి చెప్పి అలిసిపోయాం, నువ్వైనా చెప్పు. ప్రభువా, బేకరీలో పనిచేసే కవలల తల్లికి నడుం నొప్పి. ఆ రెండో పిల్లాడు పెన్సిల్ తింటున్నాడు, నువ్వు చూస్తూనే ఉన్నావు..." ఇలా సాగుతూనే ఉంటుంది. చివరికి వంటాయన గరిటె పెట్టి గిన్నె మీద ఠంగుమనిపిస్తాడు. అదే మాకు ఆమెన్.

ఇవాళ గరిటె మోగాక అందరూ నవ్వుతూ తినడం మొదలుపెట్టారు. అలాంటప్పుడు లేచి ఆ మాట ఎలా అంటాం. వచ్చేవారం చెప్తాను.

సెప్టెంబరు 9, బుధవారం

చెప్పలేదు. ఇవాళ జనం తక్కువ. అందరూ ఉన్నప్పుడు చెప్పడం న్యాయం.

సెప్టెంబరు 16, బుధవారం

చెప్పలేదు. ఇవాళ జనం మరీ ఎక్కువ. అంతమంది ముందు, నోట్లో ముద్ద ఉండగా చెప్పడం మనుషులు చేసే పనేనా.

సెప్టెంబరు 17, గురువారం

పొడుగమ్మాయి నా గదికి వచ్చింది. మూడో సంవత్సరం పిల్ల. బల్ల దగ్గర ప్లేట్లు పెట్టించేదీ, ముసలివాళ్ళని చెయ్యి పట్టుకుని తెచ్చేదీ అదే. తలుపు దగ్గర తల వంచి లోపలికొచ్చింది, ఎప్పటిలాగే.

"మేడం, నిన్నటి సూపు చూశారా? చెయ్యి కడుక్కోవచ్చు అందులో."

సరుకులు ఇప్పటినుంచే తగ్గించేస్తున్నారని నాకు తెలుసు. "వంటాయనకి ఒంట్లో బాగాలేదేమో" అన్నాను. పాపం ఆయన దుక్కలా ఉన్నాడు.

సెప్టెంబరు 23, బుధవారం

సూపు పలచబడిందని పేటవాళ్ళు కూడా కనిపెట్టేశారు. కవలల తల్లి బేకరీలో మిగిలిన రొట్టెలు సంచీనిండా తెచ్చి ఏమీ ఎరగనట్టు బల్ల మీద పెట్టింది. "ఏం చెయ్యనక్కా, ఇంట్లో పెడితే వీళ్ళు తినరు" అంది. ఆ కవలలు పెన్సిళ్ళే తింటారు, రొట్టె తినరా? రిటైరైన వెల్డరు ఒకాయన ఊగుతున్న బెంచీ కాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళి బాగుచేసి తెచ్చాడు.

తాత ప్రార్థనలో అన్నాడు కదా: "ప్రభువా, ఇన్నాళ్ళు వీళ్ళు మాకు పెట్టారు. పిల్లలకి కాస్త ఇబ్బందిగా ఉన్నట్టుంది. ఇప్పుడు మా వంతు. మమ్మల్ని పిసినారుల్ని చెయ్యకు."

గరిటె మోగలేదు. చూస్తే వంటాయన ముఖం అటు తిప్పుకుని నిలబడ్డాడు. ఆయనకీ తెలుసని నాకప్పుడు అర్థమైంది.

ఈ సమయంలో చెప్తే వాళ్ళని అవమానించినట్టే. చెప్పలేదు.

సెప్టెంబరు 30, బుధవారం

ఇవాళ ఫొటోలు తీసేవాళ్ళు వచ్చారు. కొత్త సంవత్సరం బ్రోషరు అట్ట మీద మన బల్లే వేస్తారట. "సమాజంతో మమేకం." వాక్యం నేనే రాసిచ్చాను, రాసినదాన్ని నేనే, ఇంకెవర్ని తిట్టను. తాతని బల్ల మధ్యలో కూర్చోబెట్టి నవ్వమన్నారు. "పళ్ళు కనిపించాలా, మామూలుగానా?" అని అడిగాడు. మీ ఇష్టం అన్నారు. పళ్ళు కనిపించేలా నవ్వాడు.

ఫొటో తీసే కుర్రవాడితో ప్రెసిడెంటుగారు మెల్లిగా అన్నది నాకు వినబడింది. "హాలు గోడలు ఎక్కువ పడకుండా చూడు బాబూ."

అక్టోబరు 7, బుధవారం

తాత ఇంకో పని నెత్తికెత్తుకున్నాడు. బల్ల మీద ప్లాస్టిక్ గుడ్డ చిరిగిపోయిందని, ఇంటింటి నుంచీ తలా ఒక గుడ్డముక్క తెస్తే అన్నీ కలిపి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే గుడ్డ కుడతాడట. ప్రార్థనలోనే ప్రకటించేశాడు. దేవుడి ముందు ప్రకటించాక ఎవరు కాదంటారు?

పిల్లలంతా చప్పట్లు. పొడుగమ్మాయి తన పాత యూనిఫాం ఇస్తానంది. అందరూ నా వైపు చూశారు. నేనూ ఇస్తానన్నాను. ఇవ్వననడానికి కారణం ఏం చెప్పను?

అక్టోబరు 12, సోమవారం

ప్రెసిడెంటుగారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. పోట్లాడదామనే వెళ్ళాను. చాపెల్ కింద గది ఇవ్వండి అన్నాను. మెట్లు నిటారుగా ఉంటాయి, ఎవరైనా పడితే ఎవరు జవాబుదారీ అన్నారు. క్యాంటీను ఇవ్వండి అన్నాను. సాయంత్రాలు మూసేస్తున్నామన్నారు. పోనీ నేనే మా ఇంట్లో పెట్టుకుంటాను అన్నాను. పెట్టుకోండి అన్నారు. మా వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు పక్కకి తిరగాలి.

గొంతు పెంచాను. "వాళ్ళు గుడ్డ కుట్టుకుంటున్నారండీ! బెంచీలు బాగుచేసుకుంటున్నారు!"

"మీరు ఇంకా చెప్పలేదా?" అన్నారు ఆయన.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నా కుర్చీ కూడా ఎన్నాళ్ళో నాకు తెలీదు మేడం" అన్నారు. తిట్టుకోవడానికి ఒక్క మనిషైనా మిగులుతాడనుకుంటే అదీ లేకుండా పోయింది.

అక్టోబరు 14, బుధవారం

తాత ఇవాళ అందరికంటే ముందు వచ్చాడు. ఎప్పుడూ లేనిది. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. హాల్లో ఇద్దరమే ఉన్నాం.

"అటు చివర పట్టుకో అమ్మా, బల్ల కొలవాలి."

చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. ఎవరూ లేరు, నోట్లో ముద్ద లేదు, చప్పట్లు లేవు. ఇన్ని వారాలుగా ఇలాంటి సమయం కోసమే చూస్తున్నానని నాకు నేను చెప్పుకుంటున్నాను కదా.

టేపు చివర పట్టుకున్నాను. ఆయన ఆ చివరికి నడిచి వెళ్ళి, వంగి చూసి, అరచేతిలో సుద్దతో రాసుకున్నాడు. లేచి నిలబడి నా వైపు చూశాడు.

"కుట్టాక పొడుగైంది పొట్టైంది అంటే కుదరదు. ఈ బల్ల ఇక్కడే ఉంటుంది కదా? ఎటూ జరపరు కదా?"

"ఎటు జరుపుతారు తాతా" అన్నాను.

నా నోట్లో పురుగులు పడ.

ఆయన అరచేతిలో సుద్ద అంకెలు ఇంకోసారి చూసుకున్నాడు. తర్వాత "సరే అయితే" అని టేపు చుట్టుకుంటూ షాపుకి వెళ్ళిపోయాడు, మళ్ళీ ఆలస్యంగా రావాలి కదా.

అక్టోబరు 15, గురువారం

మా ఆయనకి చెప్పేశాను. అనుకున్నట్టే అన్నాడు.

"ఒక్క ముక్క! అది చెప్పడానికి ఇన్ని వారాలా? రేపే వెళ్ళి చెప్పు."

"రేపు శుక్రవారం. బల్ల ఉండదు."

"మరి ఇంటింటికీ వెళ్ళి చెప్పు."

"నువ్వు చెప్పగలవా?"

"నాకేం భయం?"

"అయితే పద. తాత షాపు తెరిచే ఉంది."

చెప్పులేసుకున్నాడు. నిజంగానే వెళ్ళాడు. అరగంటకి తిరిగొచ్చాడు, చేతిలో ఎప్పుడో ఇచ్చిన తన ప్యాంటు, అంచు మడిచి కుట్టించుకుని. "మంచాయన" అన్నాడు. టీవీ పెట్టుకున్నాడు.

అక్టోబరు 21, బుధవారం

చెప్పలేదు. నా పట్టా గౌను చెయ్యి కత్తిరించి ఇచ్చాను. ఈ యూనివర్సిటీలోనే చదివాను, ఆ హాల్లోనే పట్టా ఇచ్చారు. "నలుపు మంచి రంగమ్మా, సూపు మరక కనపడదు" అన్నాడు తాత.

అక్టోబరు 26, సోమవారం

పొడుగమ్మాయికి తెలిసిపోయింది. హాల్లో ప్లగ్గులు పెట్టడానికి వచ్చినవాళ్ళు చెప్పారట. నా గదిలోకి వస్తూ తల వంచడం మర్చిపోయి గుమ్మానికి ఠపీమని కొట్టుకుంది. నుదురు పట్టుకునే అరిచింది.

"మీకు తెలుసా మేడం? ఎప్పట్నుంచీ?"

చెప్పాను. ఆ పిల్ల నన్ను చూసిన చూపు రాయలేను.

"వాళ్ళు మనకి రొట్టెలు తెస్తున్నారు! మీరు తిన్నారు! నేనూ తిన్నాను! ఈ బుధవారం మీరు చెప్పకపోతే నేను చెప్తా."

"చెప్పు తల్లీ" అన్నాను. నిజంగానే ప్రాణం లేచొచ్చింది. ఎంత సిగ్గులేని దాన్నో.

అక్టోబరు 28, బుధవారం

ప్రార్థన కాగానే పొడుగమ్మాయి లేచి నిలబడింది. అది లేస్తే హాలంతా కనిపిస్తుంది. అందరూ స్పూన్లు ఆపారు. నేను ప్లేటులోకి చూస్తూ కూర్చున్నాను.

"మీ అందరికీ ఒక విషయం చెప్పాలి" అంది.

కవలల్లో ఒకడు, పెన్సిల్ తినేవాడు, "అక్కా, నేను కూడా చెప్పాలి" అని బల్ల కిందనుంచి దూరి దాని దగ్గరికెళ్ళాడు. చేతిలో ఒక బొమ్మ. పొడుగాటి బల్ల, చుట్టూ గుండ్రటి తలకాయలు, ఒక్క తల మాత్రం అన్నిటికంటే పైన. "ఇది నువ్వు" అన్నాడు.

పొడుగమ్మాయి బొమ్మ చూసింది. నన్ను చూసింది. "ఏం లేదు," అంది, "రొట్టె చాలా బాగుంది, అదే." కూర్చుంది.

బయట సైకిలు తీసుకుంటూ ఏడుస్తోంది. దగ్గరికెళ్తే చెయ్యి విదిలించుకుంది. మళ్ళీ తనే అంది, "మీ మీద కోపం లేదు మేడం. నా మీదే."

నవంబరు 4, బుధవారం

చెప్పలేదు.

నవంబరు 11, బుధవారం

చెప్పలేదు. ఇంకా ఇరవై ఐదో తారీకు ఉంది. అదే చివరి బుధవారం. ఆ రోజు గుడ్డ పరిచి, అందరూ తిన్నాక, శుభ్రంగా వీడ్కోలులా చెప్తాను. అలా చెప్తేనే బాగుంటుంది. ముందే చెప్పి ఉంటే ఇన్ని వారాల భోజనం చేదు చేసేదాన్ని. చెప్పకపోవడమే మంచిదైంది.

నవంబరు 19, గురువారం

నిన్న రాయలేకపోయాను. ఇప్పుడు పొద్దున, ఆయన ఆఫీసుకి వెళ్ళాక రాస్తున్నాను.

కంపెనీవాళ్ళు వారం ముందే వచ్చేశారు. నిన్న మధ్యాహ్నం హాలుకి కొత్త తాళం వేశారు. నాకు తెలిసేసరికి సాయంత్రం అయింది. ప్రెసిడెంటుగారు ఊళ్ళో లేరు. పాస్టరుగారి ఇంటికి పరుగెత్తాను. ఆయన తలుపు తీసి, నన్ను చూసి, "ప్రెసిడెంటుగారికి నేను కూడా ఫోన్ చేశానమ్మా, ఎత్తట్లేదు" అన్నారు. "ఒక్క రోజు, ఒక్క సాయంత్రం" అన్నాను. ఆయన నా చేతులు పట్టుకున్నారు. ఆ చేతుల్లో తాళంచెవి లేదు.

తిరిగొచ్చేసరికి అందరూ చాపెల్ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. మూతలు పెట్టిన గిన్నెలు, రొట్టెల సంచీ, ప్లేట్లు. వంటాయన వాళ్ళకి తాళం పాడైందని చెప్పాడట. "తాళమే కదక్కా, దానికెందుకంత కంగారు, ముఖమంతా చెమటలు" అని కవలల తల్లి తన కొంగుతో నా నుదురు తుడిచింది.

పొడవునా మెట్ల మీద గుడ్డ పరిచి ఉంది. పూర్తయిపోయింది. పొడుగమ్మాయి యూనిఫాం, వెల్డరు చొక్కా, కవలల పక్కదుప్పటి, నా గౌను చెయ్యి. సరిగ్గా మధ్యలో నీలంపూల ముక్క తాత భార్యది. బల్లకి కొలిచి కుట్టిన గుడ్డ కదా, మెట్ల మీద ఎక్కడికక్కడ ముడతలు పడింది.

తాత అప్పటికే వచ్చి కూర్చున్నాడు.

"చివరొచ్చింది మీరే!" అన్నారు పిల్లలు. "మేడమే ప్రార్థన! మేడమే ప్రార్థన!"

పొడుగమ్మాయి మాత్రం ప్లేట్లు సర్దుతూనే ఉంది.

కళ్ళు మూసుకున్నాను. ఇంక తప్పించుకునే దారి లేదు. ఒకందుకు మంచిదే అనిపించింది, కళ్ళు మూసుకుంటే ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. దేవుడికి చెప్తున్నట్టు చెప్పేస్తే వాళ్ళే వింటారు, తాత వీధి దీపం సంగతి చెప్పినట్టు.

"ప్రభువా, ఈ బల్ల..." అన్నాను. మళ్ళీ మొదలుపెట్టాను. "ప్రభువా, నీకు తెలుసు, ఈ బల్ల ఇంక..."

"ఆమెన్," అన్నాడు తాత.

గట్టిగా అన్నాడు. ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. పిల్లలు గొల్లున నవ్వారు. "తాత ఆమెన్ అన్నాడు!" వంటాయన చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అందరూ తిన్నారు. నేనూ తిన్నాను.

వెళ్ళేటప్పుడు తాత గుడ్డ మడవడానికి నన్ను పిలిచాడు. "అటు చివర పట్టుకో అమ్మా." పట్టుకున్నాను. ఇద్దరం దులిపి, మధ్యకి మడిచి, ఎదురెదురుగా దగ్గరికొచ్చాం. అప్పుడు చెప్పాడు, ఎవరికీ వినబడకుండా.

"ఆ హాలు కిటికీలకి తెరలు నన్నే కుట్టమన్నారు. కంప్యూటర్ల మీద ఎండ పడకూడదట. కొలతలు తెచ్చిచ్చినవాడే చెప్పాడు, లోపల ఇంక ఏం పెడతారో."

"ఎప్పుడు తాతా?"

"బల్ల కొలిచాం చూడు, దానికి ముందురోజు."

గుడ్డ నా చేతుల్లోంచి జారబోయింది. ఆయనే పట్టుకున్నాడు.

"అయితే ఆ రోజు నన్ను అడిగింది..."

"ఎటూ జరపరని అన్నావు కదా," అన్నాడు. "తెరలవాడు ఏదో తెలీక వాగాడు, నీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నా. ప్రతి బుధవారం చూశా. నువ్వు ఏమీ చెప్పలేదు. హమ్మయ్య, బల్ల ఉంది అనుకుని ఇంకో ముక్క కుట్టుకునేవాణ్ణి."

"క్షమించు తాతా."

"దేనికి? నేను మాత్రం ఎవరికి చెప్పాను?" మెట్లు దిగుతున్నవాళ్ళ వైపు చూశాడు. కవలలు ఒకర్నొకరు తోసుకుంటున్నారు. "వాళ్ళకి తెలీదు. వచ్చే బుధవారానికి తాళం బాగవుతుందని చెప్పుకుంటున్నారు. ఎవరో ఒకళ్ళం చెప్పాలి."

"నేను చెప్తాను," అన్నాను.

"నాకు చేతకాదమ్మా," అన్నాడు. "దేవుడితో అయితే ఎంతసేపైనా వాగుతాను."

గుడ్డ చంకలో పెట్టుకుని రోడ్డు దాటాడు. షాపులో దీపం వేశాడు. గాజు తలుపు వెనక బూడిదరంగు తెరలు గుట్టగా పడి ఉన్నాయి, సగం కుట్టినవి.

నవంబరు 25, బుధవారం

సాయంత్రం అయింది. నా గది కిటికీలోంచి చాపెల్ మెట్లు కనిపిస్తాయి. తాత గుడ్డ పరుస్తున్నాడు, ముందే వచ్చాడు. కవలల తల్లి వచ్చింది. వెల్డరు ఒక పనిముట్ల పెట్టె తెచ్చాడు, తాళం చూద్దామని కాబోలు. పాస్టరుగారు కూడా వచ్చి పై మెట్టు మీద కూర్చున్నారు. వంటాయన వచ్చాడు. పొడుగమ్మాయి ప్లేట్లు పెడుతోంది, మధ్య మధ్యలో తలెత్తి నా కిటికీ వైపు చూస్తోంది.

అందరూ వచ్చేశారు. గిన్నెల మీద మూతలు ఇంకా తియ్యలేదు.

నేనింకా బయల్దేరలేదు.